రెండు వందల పదకొండో పేజీ

అపరీసియో ఒలాస్కోగా అనే వకీలు రాసిన పుస్తకంలో, రెండు వందల పదకొండో పేజీలో, కల్నల్ ఫ్రుక్తువోసో బెంతాంకుర్ మూడురాళ్ళ రేవు యుద్ధం నుంచి వంటమనిషి లంగా కట్టుకుని పారిపోయాడని రాసి ఉంది. సాన్ హెర్వాసియో పట్టణంలో ఈ సంగతి తెలియనివారు లేరు. పాలు పోసేవాడికి తెలుసు, చర్చి ఫాదరుకు తెలుసు, ఊరి చివర షెడ్లలో ఉన్ని కడిగే ఆడవాళ్ళకు తెలుసు. చదవడం రానివాళ్ళకైతే లంగా రంగు కూడా తెలుసు: పసుపుపచ్చది, అంచుకు నల్లచారలు.

కల్నల్ అంటే ఊరి నడిబొడ్డున కంచుగుర్రం మీద కూర్చున్న ఆయనే. ఆయన పోయి డెబ్బయ్యేళ్ళు దాటినా ఎర్రపట్టీ వాళ్ళకు విగ్రహం ముందు టోపీ తీసే అలవాటు, తెల్లపట్టీ వాళ్ళకు అక్కడికి రాగానే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచే అలవాటు పోలేదు. ఆ దేశంలో ఎవరూ పార్టీలో చేరరు, పార్టీలో పుడతారు. ముత్తాతలు ఈటెలతో పొడుచుకున్న రోజుల్లో, ఎవరిని పొడవకూడదో తెలియడానికి టోపీలకు చుట్టుకున్న గుడ్డపట్టీ రంగు మునిమనవల దాకా దిగివచ్చింది. ఇక ఎన్నికలకు ఆరు వారాలే ఉన్న అక్టోబరు నెలలో, తెల్లపట్టీ అభ్యర్థి అయిన ఆ వకీలు స్వయంగా రాసి, సొంత ఖర్చుతో అచ్చువేయించిన 'ఎర్రపట్టీ పాపాలు' అనే పుస్తకం వెలువడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అయిదు వందల ప్రతులు తొమ్మిది రోజుల్లో అమ్ముడుపోయాయి. తెల్లవాళ్ళు కిటికీల్లో పెట్టుకోవడానికి కొన్నారు. ఎర్రవాళ్ళు కాల్చడానికి కొన్నారు.

ఈ గొడవంతా సెలెదోనియా ఎచెవెర్రీ మెడకు చుట్టుకుంది.

ఆమె ముప్పై ఏళ్ళు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించి, పదవీ విరమణ చేసి, పదకొండేళ్ళుగా ప్రజా గ్రంథాలయం చూసుకుంటోంది. తండ్రి స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతం నుంచి వలసవచ్చిన పశువుల కాపరి కనుక ఆ ఇంటికి ఏ పట్టీ లేదు. ఊళ్ళో ఏ పనికైనా రెండు పక్షాలూ సగం సగం కూర్చోవాలి. శ్మశానం కమిటీలో ముగ్గురు ఎర్రవాళ్ళు, ముగ్గురు తెల్లవాళ్ళు. గ్రంథాలయం కమిటీలోనూ అంతే. తాళంచెవి ఏ వైపూ పుట్టని మనిషి దగ్గర ఉండాలని వెతికి వెతికి, చివరకు ఆమె చేతిలో పెట్టారు. జిల్లావాసి ఎవరు పుస్తకం రాసినా గ్రంథాలయానికి ఒక ప్రతి తెప్పించాలన్నది నియమం. ఆమె తెప్పించింది. ఆమె చేసిన నేరం అదొక్కటే.

వచ్చే శుక్రవారం కమిటీ సమావేశం. "కల్నల్‌ను అవమానించిన పుస్తకాన్ని ప్రజల గ్రంథాలయంలోకి తెచ్చినందుకు" లైబ్రేరియన్‌ను తొలగించాలని తీర్మానం వచ్చింది. ఆమెను తీసేస్తే ఆ కుర్చీలో ఎర్రవాడు కూర్చోవడానికి తెల్లవాళ్ళు ఒప్పుకోరు, తెల్లవాడు కూర్చోవడానికి ఎర్రవాళ్ళు ఒప్పుకోరు. ఎన్నికలయ్యాక చూద్దామంటూ గదికి తాళం వేస్తారు. అలా తాళం పడ్డ మ్యూజియం తొమ్మిదేళ్ళుగా తెరుచుకోలేదు. సాయంత్రం షిఫ్టు దిగి, చేతులకు ఉన్ని జిడ్డు వాసనతో, దీపం కింద కూర్చుని చదువుకునే పాతికమంది ఎక్కడికి పోతారన్నదే ఆమె బెంగ.

మంగళవారం ఉదయం రొట్టెల దుకాణంలో గుమెర్సిందా రొట్టె కాగితంలో చుడుతూ గొంతు తగ్గించింది.

"టీచరమ్మా, మీరు భలే పని చేశారు. ఆ పసుపు లంగా సంగతి ఎప్పుడో ఒకప్పుడు బయటికి రావాల్సిందే."

"నువ్వు చదివావా గుమెర్సిందా?"

"చదవడమెందుకండీ, తెలుసుగా."

"ఎలా తెలుసు?"

"రెండు వందల పదకొండో పేజీలో ఉందండీ!" అంది గుమెర్సిందా, ఇంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న విషయం చెప్పాల్సి వచ్చినందుకు జాలిపడుతూ.

అంకె వినగానే ఆరా ఆగిపోతుందన్న సంగతి సెలెదోనియా తరగతి గదిలో ముప్పై ఏళ్ళు చూసింది. లెక్క తప్పు చేసిన పిల్లవాడు కూడా జవాబు నాలుగు దశాంశ స్థానాల దాకా రాస్తే పక్కవాళ్ళు నమ్మేసి ఎక్కించుకునేవారు. "ఎక్కడో రాశాడట" అంటే ఎవరైనా అడిగేవారేమో. రెండు వందల పదకొండు అనగానే ఇక అడిగేవాడు లేడు.

"సరే, నీకు ఎవరు చెప్పారు?"

"మంగలి ఎలూతేరియో."

మంగలి ఎలూతేరియోకు మందుల షాపు సిల్వేరా చెప్పాడు. సిల్వేరాకు వకీలు భార్య చెప్పింది. వకీలు భార్యను చర్చి మెట్ల మీద ఆపి అడిగితే ఆవిడ చేతి విసనకర్ర ఆడిస్తూ, "ఇంట్లో మనిషిని, నాకేం తెలుస్తుందండీ? రొట్టెల గుమెర్సిందా చెబితే విన్నాను. మావారు ఎంత ధైర్యంగా రాశారో కదా!" అంది. సెలెదోనియా నోటుబుక్కులో నలుగురి పేర్లు రాసి, బాణాలు గీసి చూసింది. బాణాలు గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చాయి. అందులో మొదలన్నది లేదు.

నిజానికి ఆమె కూడా ఆ పుస్తకం చదవలేదు. ఆ రోజుల్లో అక్కడి పుస్తకాలు అచ్చు మడతలతోనే వచ్చేవి; అంచులు అతుక్కునే ఉండేవి. కొన్నవారు ఇంటికి తీసుకుపోయి, కత్తితో ఒక్కో మడతా కోసుకుంటూ చదువుకోవాలి. గ్రంథాలయానికి వచ్చిన పుస్తకమైతే, కమిటీ కూర్చుని అధ్యక్షుడు ముద్ర వేసేదాకా కత్తి తగలకూడదు. ఆ ముద్ర పడకముందే, పుస్తకం వచ్చిన మర్నాడే, ఇనుప సామాన్ల కొట్టు లియాంద్రో బెంతాంకుర్ వచ్చి దాన్ని "సాక్ష్యం" అని పట్టుకుపోయాడు. ఆయన కమిటీ సభ్యుడు, ఎర్రపట్టీ. పైగా కల్నల్‌కు స్వయానా మునిమనవడు. తీర్మానం పెట్టిందీ ఆయనే.

బుధవారం ఆమె ఆ కొట్టుకు వెళ్ళింది. మేకుల డబ్బాల వెనక నుంచి లియాంద్రో లేచి నిలబడ్డాడు. యాభై ఏళ్ళు వచ్చినా, ఆమెను చూస్తే లేచి నిలబడటం ఆయనకు బడినాటి అలవాటు.

"కూర్చో, లియాంద్రో. ఆ పుస్తకం ఒక్క గంట ఇవ్వు. ఇక్కడే, నీ కళ్ళముందే చదివి ఇచ్చేస్తాను."

"కుదరదు టీచర్. ఇనుప బీరువాలో ఉంది. సాక్ష్యం."

"దేనికి సాక్ష్యం?"

"అవమానానికి."

"ఆ అవమానం నువ్వు చూశావా?"

లియాంద్రో మొహం కందగడ్డయింది. "మా ముత్తాతను లంగా కట్టించిన రాతను నన్ను చదవమంటారా? నా కళ్ళతోనా? నాకు సిగ్గు లేదనుకుంటున్నారా?"

"చదవకుండా ఉందని ఎలా అంటావు?"

"మరి మీరు లేదని అనండి! అనండి చూద్దాం!"

"చదవకుండా లేదని మాత్రం ఎలా అంటాను? పుస్తకం నీ బీరువాలో పెట్టుకుని నన్నెలా అడుగుతావయ్యా?"

"చూశారా! మీరే లేదనలేకపోతున్నారు," అన్నాడు లియాంద్రో విజయగర్వంతో. అంతలో గొంతు మెత్తబడింది. "టీచర్, మీమీద నాకేం కోపం లేదు. మీ దగ్గరే కదా నేను మూడుసార్లు ఫెయిలయింది. ఒక్క ముక్క రాసివ్వండి చాలు. 'కల్నల్‌ను అవమానించిన పుస్తకం తెచ్చినందుకు సిగ్గుపడుతున్నాను' అని. తీర్మానం వెనక్కి తీసుకుంటా. తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది."

"ఉందో లేదో తెలియనిదానికి సిగ్గెలా పడమంటావు?"

"ఊరందరికీ తెలిసింది మీకొక్కరికే తెలియదా?"

ఆమె బయటికి వచ్చింది. వీధిలో ఎదురైన నలుగురిని ఒక ప్రతి అరువడిగింది. ఇద్దరు, పార్టీ గౌరవాన్ని ఎవరికీ అరువివ్వలేమన్నారు. ఒకడు కాల్చేశానన్నాడు. నాలుగో ఆయన మాత్రం, "కిటికీలోంచి తీస్తే మా ఇంటికి ఎర్రరంగు పడిందనుకుంటారమ్మా" అని బతిమాలాడు.

ఇక మిగిలింది రాసినవాడే. గురువారం ఆమె వెళ్ళేసరికి వకీలు ఒలాస్కోగా ఇంటి వరండాలో కూర్చుని, ఎండు సొరబుర్రలోని మాతే ఆకు కషాయం గొట్టంతో పీలుస్తున్నాడు. ఆమెను చూసి పొంగిపోయి, బుర్ర నింపి ఆమె చేతికిచ్చాడు.

"రా సెలెదోనియా, రా! రెండో ముద్రణకు కబురు పంపాను, తెలుసా? వెయ్యి ప్రతులు!"

"అభినందనలు. ఒక్కటే అడుగుతాను, అవునో కాదో చెప్పు. కల్నల్ లంగా కట్టుకుని పారిపోయాడని నువ్వు రాశావా?"

వకీలు ఆకాశంలోకి చూశాడు. "చరిత్ర అన్నది, సెలెదోనియా, ఒక మహానది..."

"అవునా? కాదా?"

"ప్రజలకు అందులో ఏం కనిపిస్తే అదే ఆ పుస్తకం."

"అయ్యా, నేను నదినీ అడగలేదు, ప్రజలనూ అడగలేదు. రెండు వందల పదకొండో పేజీలో నువ్వేం రాశావో చెప్పు."

వకీలు అటూ ఇటూ చూసి, కుర్చీ ముందుకు జరిపాడు. "నిజం చెప్పమంటావా? నాకు గుర్తులేదు. ఇరవై ఏళ్ళ ఉపన్యాసాలు. మా బావమరిది పెట్టెల్లోంచి తీసి, వరసగా అంటించి ప్రెస్సుకు పంపాడు. అవునంటే ఎర్రవాళ్ళు కోర్టుకు లాగుతారు. కాదంటే మావాళ్ళు నన్ను పిరికివాడంటారు. ఏమీ అనకపోతే పుస్తకం అమ్ముడుపోతుంది. నువ్వైతే ఏం చేస్తావు?"

"తెరిచి చూస్తాను."

"నా ప్రతి తోలు అట్ట వేయించడానికి రాజధానికి పంపాను," అన్నాడు వకీలు, పెద్ద గండం తప్పినట్టు. "అయినా నీకేం భయం? మావాళ్ళు ముగ్గురున్నారుగా కమిటీలో. సిల్వేరాతో మాట్లాడుకో."

ఈ ఏటి కమిటీ అధ్యక్షుడైన నెపోముసేనో సిల్వేరా తన మందుల షాపులో పుస్తకాన్ని అద్దాల పెట్టెలో, జలగల సీసాకూ దగ్గుమందుకూ మధ్య నిలబెట్టి, పైన తెల్ల రిబ్బను కట్టాడు.

"మా మూడు ఓట్లూ మీవేనండీ," అన్నాడు ఆయన ఎంతో మర్యాదగా. "రేపు సమావేశంలో మీరొక్కమాట అంటే చాలు: 'ఇందులో రాసిన ప్రతి అక్షరం చారిత్రక సత్యం' అని. చదువుకున్నవారు, ఏ పట్టీ లేనివారు, మీ మాటకు విలువుంటుంది."

"నేను చదవలేదు సిల్వేరా గారూ. ఆ పెట్టె తెరిచి ఇవ్వండి, ఇప్పుడే చదువుతాను."

"అయ్యో, రిబ్బను ఊడిపోదూ!"

ఆ సాయంత్రం గ్రంథాలయంలో ఆమె దీపాలు వెలిగించి కూర్చుంది. ఒక అబద్ధం ఎర్రవాళ్ళకు, లేదా ఒక అబద్ధం తెల్లవాళ్ళకు. రెంటిలో ఏది చెప్పినా తాళంచెవి దక్కుతుంది. ఎవరికీ నష్టం లేదు. పైగా అది అబద్ధమో కాదో కూడా ఎవరికీ తెలియదు. ఉన్ని షెడ్డులో పనిచేసే ఒకామె నక్షత్రాల పుస్తకం ముందు పెట్టుకుని, వేలితో వరసలు చూసుకుంటూ, పెదవులు కదుపుతూ చదువుతోంది. ఎవరో చెప్పారని నమ్మకుండా, కూడబలుక్కుని అయినా సరే తనకు తాను చూసుకుంటున్న ఆ మనిషి ముందు కూర్చుని అలాంటి ఉత్తరం రాయడం సెలెదోనియాకు చేతకాలేదు. దానికి బదులు కమిటీ నియమావళి తీసి, మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఆ ఊళ్ళో దాన్ని అలా చదివినవారు కూడా మరొకరు లేరు.

శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆరుగురూ వచ్చారు. ఎర్రవాళ్ళు కిటికీ వైపు, తెల్లవాళ్ళు బీరువాల వైపు కూర్చున్నారు. మాతే బుర్ర మాత్రం బల్ల చుట్టూ తిరుగుతోంది. ముత్తాతలు ఒకరినొకరు పొడుచుకున్న ఇళ్ళవాళ్ళే ఒకే గొట్టంతో పీల్చి పక్కవాడికి అందిస్తున్నారు. లియాంద్రో గ్రంథాలయ ప్రతిని పట్టుగుడ్డలో చుట్టి తెచ్చాడు. మిగతా అయిదుగురూ ఎవరి ప్రతి వాళ్ళు తెచ్చుకుని ముందు పెట్టుకున్నారు. లియాంద్రో కూడా గ్రంథాలయ ప్రతిని నడుమ ఉంచి, తన సొంత ప్రతిని సంచిలోంచి తీశాడు.

"తీర్మానం ఓటుకు పెడుతున్నాను," అన్నాడు సిల్వేరా గంట కొట్టి.

"ఒక్క నిమిషం," అంది సెలెదోనియా. మినిట్సు పుస్తకం తెరిచి, కలం సిరాలో ముంచింది. "నియమావళి పందొమ్మిదో అంశం. ఒక పుస్తకం మీద అభ్యంతరంతో తీర్మానం వస్తే, అభ్యంతరకరమైన వాక్యాన్ని ఉన్నదున్నట్టు మినిట్సులో ఎక్కించాకే ఓటింగు. లియాంద్రో, వాక్యం చెప్పు, రాసుకుంటాను."

"అందరికీ తెలిసిందే కదా టీచర్!"

"అందరికీ తెలిసింది రాయడం కుదరదు. పుస్తకంలో ఉన్నది రాయాలి. కామాలతో సహా."

"రెండు వందల పదకొండో పేజీ," అన్నాడు లియాంద్రో.

"అలాగే. తెరువు."

లియాంద్రో తన ప్రతి తీశాడు. అట్ట తెరుచుకుంది. తర్వాత పేజీ తెరుచుకోలేదు. వేలు అటు దూర్చాడు, ఇటు దూర్చాడు. సెలెదోనియా కలం గాలిలో ఆగింది. ఆమె చూపు ఆ ప్రతి అంచు మీద నుంచి పక్క ప్రతి అంచు మీదకు, దాని పక్కదాని మీదకు, అలా బల్ల చుట్టూ తిరిగివచ్చింది. ఏడు పుస్తకాల అంచులూ ప్రెస్సు నుంచి వచ్చినట్టే అతుక్కుని ఉన్నాయి. ఒక్కదానికీ కత్తి తగలలేదు.



"నేను అవమానం భరించలేక కొయ్యలేదు," అన్నాడు లియాంద్రో.

"నేను భద్రంగా ఉంచుదామని కొయ్యలేదు," అన్నాడు సిల్వేరా.

మిగతా నలుగురూ కషాయం బుర్ర వైపు చూశారు.

సెలెదోనియాకు అరవాలనిపించింది. అరవలేదు. బడిలో ప్రయోగం పాడైన రోజుల్లో వాడే గొంతు ఒకటి ఆమెకు ఉండేది. చాలా మెల్లని గొంతు. "కత్తులు తియ్యండి," అంది.

ఆ దేశంలో నడుముకు కత్తి లేని మగవాడు అరుదు. ఆరు కత్తులు బయటికొచ్చాయి. గ్రంథాలయ ప్రతి మీద సిల్వేరా ముద్ర వేశాడు. ఆమె మొదటి మడత కోసింది.

"పుస్తకం రెండు వందల నలభై పేజీలు. మీరు ఆరుగురు. తలా నలభై. ఎవరి ప్రతిలో వాళ్ళు కోసుకుని, కల్నల్ పేరు ఎక్కడ కనిపిస్తే అక్కడ వేలు పెట్టి చెయ్యెత్తండి. లియాంద్రో, నీకు చివరి నలభై. నీ రెండు వందల పదకొండు నువ్వే చూసుకో."

వాళ్ళలో నలుగురు ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే. తలలు వంచి పని మొదలుపెట్టారు. గదిలో కాగితం తెగుతున్న చప్పుడు, మధ్యమధ్య గొణుగుడు. "ఇదేంటిది, ధాన్యం రైల్వే వ్యాగన్లా?" అన్నాడొకడు. "నాకు వచ్చినదాంట్లో మా నాన్న పేరుంది, కానీ తిట్లు లేవు," అన్నాడు ఇంకొకడు నిరాశగా. లియాంద్రో రెండు వందల పదకొండు దగ్గరికి వచ్చినప్పుడు అందరి కత్తులూ ఆగాయి. ఆయన మడత కోసి, పేజీ తిప్పి, చూశాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు.

"చదువు," అంది సెలెదోనియా.

"టీచర్... ఇందులో గొర్రెలున్నాయి."

"ఏం గొర్రెలు?"

"గజ్జి పట్టిన గొర్రెలు. లెక్కలు."

నలభై నిమిషాలకు ఆరుగురూ పని ముగించారు. ఒక్క చెయ్యీ లేవలేదు. సెలెదోనియా అక్కడితో ఊరుకోలేదు. భాగాలు మార్చి, ఎర్రవాడు చూసిన పేజీలు తెల్లవాడిచేత, తెల్లవాడు చూసినవి ఎర్రవాడిచేత రెండోసారి చదివించింది. ఒకసారి కొలిచిన కొలతను ఆమె ఎన్నడూ కొలతగా ఒప్పుకునేది కాదు. రెండోసారీ అదే ఫలితం.

లియాంద్రో కత్తి తుడిచి ఒరలో పెట్టాడు. ఆయన మొహంలో మొదట కనిపించింది ఉపశమనమే. అంతలో కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"అంటే... మా ముత్తాత ఇందులో లేనే లేడా?"

"లేడు."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా లేడు."

"ఎర్రపట్టీ గురించి రెండు వందల నలభై పేజీలు రాసి, కల్నల్ బెంతాంకుర్ పేరెత్తలేదా? గొర్రెలకు జాగా ఉంది గానీ మా ముత్తాతకు లేదా?" లియాంద్రో బల్ల మీద గుద్దాడు, మాతే బుర్ర పడబోతే పక్కన తెల్లవాడు పట్టుకున్నాడు. "దీన్ని మించిన అవమానం ఇంకేముంటుందయ్యా! లంగా కట్టించినా నయమే, మనిషిగా గుర్తించినట్టుండేది! టీచర్, తీర్మానం సవరిస్తున్నాను. రాసుకోండి. కల్నల్‌ను విస్మరించిన పుస్తకాన్ని తెచ్చినందుకు లైబ్రేరియన్‌ను తొలగించాలి!"

సెలెదోనియా అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది.

"మీరేమంటారు?" అని తెల్లవాళ్ళను అడిగింది.

సిల్వేరా మొహం వేలాడింది. లంగా లేని పుస్తకానికి ఆయన రిబ్బను కట్టి పదిరోజులయింది. "సెలెదోనియా గారూ, మీరు ఇదంతా తెరిపించకుండా ఉంటే ఎంత బావుండేదో," అన్నాడు. "మాకూ మిమ్మల్ని తీసేయాలనే ఉందండీ, నిజం చెప్పొద్దూ. కానీ ఎర్రవాళ్ళు పెట్టిన తీర్మానానికి తెల్లపట్టీ ఓటెయ్యడమా? మా తాత సమాధిలోంచి లేచి వస్తాడు."

ఓట్లు మూడూ మూడూ అయ్యాయి. సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే. తాళంచెవి ఆమె దగ్గరే ఉండిపోయింది. ఆరుగురిచేత పుస్తకం రెండుసార్లు చదివించి నిరూపించిన సంగతికీ, ఆమె ఉద్యోగం నిలబడటానికీ ఏ సంబంధమూ లేదు. చదవకపోయినా, గొర్రెలకు బదులు నిజంగానే లంగా ఉన్నా ఓట్లు అలాగే పడేవి. సభ్యులు టోపీలు పెట్టుకుంటూ వెళ్ళిపోయాక, బల్ల నిండా పడి ఉన్న కాగితపు పొట్టును ఆమె ఒక్కతే చీపురుతో ఊడ్చి, సాయంకాలపు పాఠకుల కోసం తలుపులు బార్లా తెరిచింది. ఉన్ని షెడ్డు నుంచి ఆవేళ అయిదుగురు ఎక్కువే వచ్చారు.

శనివారం ఉదయం రొట్టెల దుకాణంలో గుమెర్సిందా ఆమెను చూసి కన్నుగీటింది.

"మొత్తానికి గట్టివారే టీచరమ్మా. చేసేశారుగా!"

"ఏం చేశాను?"

"నాకు చెప్పకండి, ఊరంతా తెలుసు. రాత్రి అందరూ కత్తులు తీశారట. ఏడు పుస్తకాల్లోనూ ఆ పేజీ కోసి పారేశారటగా, గొడవ లేకుండా! చెత్తబుట్ట నిండా కాగితం ముక్కలేనటగా!"

సెలెదోనియా నోరు తెరిచింది. చెప్పాల్సిన మాటలు వరసగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళ అనుభవంతో, మెల్లగా, అంచెలంచెలుగా చెప్పగలదు. గుమెర్సిందా మొహం చూసి నోరు మూసుకుంది. రొట్టె తీసుకుని, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, నేరుగా గ్రంథాలయానికి వెళ్ళింది. వీధివైపు కిటికీలో ఉన్న పూలకుండీ తీసి నేలమీద పెట్టింది. 'ఎర్రపట్టీ పాపాలు' తెచ్చి, కావలసిన చోట తెరిచి, రెండువైపులా రెండు అయస్కాంతపు కడ్డీలు బరువుపెట్టి, అద్దానికి ఆనించి నిలబెట్టింది. ఎడమచేతి వైపు రెండు వందల పది, కుడిచేతి వైపు రెండు వందల పదకొండు. పేజీ తిప్పితే వచ్చేది రెండు వందల పన్నెండు.

పదకొండింటికల్లా కిటికీ ముందు గుంపు చేరింది. వెనకవాళ్ళు ముందువాళ్ళను ఏముందని అడుగుతున్నారు. ముందువాళ్ళు అద్దానికి ముక్కు ఆనించకుండానే లంగా అంటున్నారు. ఆమె లోపల కుర్చీలో కూర్చుని, తలుపు తీసి పెట్టి, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని ఎదురుచూసింది.

రెండు వందల పదకొండో పేజీలో ఉన్నది ఒక పట్టిక: ఏడేళ్ళలో జిల్లాలోని తొమ్మిది మండలాల్లో గజ్జి సోకి, మందునీళ్ళలో ముంచిన గొర్రెల సంఖ్య.